పది సూత్రాలు, పైన కొసరు

ఆ రోజుల్లో మా గుంటూరు చుట్టుపక్కల తెలివితక్కువ పనులు చేసేవాళ్ళకి కొదవ లేదు. రేటు ఇంకా పెరుగుతుందని మంచాల కింద కూడా పత్తి కుక్కి, దానిమీదే పడుకుని, చివరికి సగం ధరకి అమ్ముకున్నవాళ్ళున్నారు. పచ్చిమిరపకాయ బజ్జీల పందెంలో పొలం గట్టు ఓడిపోయినవాళ్ళున్నారని మా అమ్మ చెప్పేది. వాళ్ళందరి మీదా నాకు గౌరవమే. కాని సొంత నాన్న బట్టల కొట్లో, సొంత నాన్నని బేరంలో ఎలా ఓడించాలో, అంకెలు వేసి, వరసపెట్టి, పైసా తీసుకోకుండా లోకానికంతా రాసిపెట్టినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ విషయంలో నాకు పోటీ వచ్చినవాడు ఇంతవరకూ కనబడలేదు. ఎవరైనా ఉంటే ముందుకు రావచ్చు, కూర్చోబెట్టి సోడా ఇప్పిస్తాను.

డిగ్రీ అయిపోయి, దానిమీద ఒక కంప్యూటరు కోర్సు కూడా చేసి, ఖాళీగా ఉన్న కాలం అది. (ఖాళీగా అంటే పొద్దున కొట్లో, సాయంత్రం కొట్లో. మా ఇళ్ళల్లో దాన్నే ఖాళీ అంటారు.) పట్నంబజారు పక్క సందులో మా చీరల కొట్టు. తెల్లటి గుడ్డ పరిచిన పరుపు, దానిమీద మఠం వేసుకుని కూర్చున్న నాన్న, ఆయన మోచేతి కింద గల్లాపెట్టె. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ కొట్లో కుర్చీ లేదు. కొనేవాళ్ళు కూడా పరుపు మీదే కూర్చోవాలి, ఎందుకంటే పరుపు మీద కూర్చున్నవాడు చటుక్కున లేవలేడు. నాకేమో కుర్చీలో కూర్చుని, ఎదురుగా కంప్యూటరు పెట్టుకుని, మెడలో ఫొటో ఉన్న బిళ్ళ వేలాడేసుకుని బతకాలని ఉండేది. హైదరాబాదులో ఒకాయన తెలుగులో సైటు ఒకటి నడిపేవాడు. ఆయనకి మెయిళ్ళు రాసి రాసి విసిగిస్తే చివరికి ఒక మాట అన్నాడు. "సరేనండీ, మా సైట్లో మీకో పేజీ ఇస్తాను. రాయండి. చదివేవాళ్ళని తెచ్చారంటే ఇక్కడ మీకు కుర్చీ వేయిస్తాను." ఆయన మామూలుగా అన్నాడో, నా మనసు తెలిసి అన్నాడో, కుర్చీ అనే అన్నాడు. నాన్నకి చెప్పాను. ఆయన కాసేపు గజంబద్దతో వీపు గోక్కుని, "ఉగాది దాకా చూడు. రాలేదనుకో, గల్లా దగ్గర కూర్చుందువుగాని. నాకా కళ్ళు ఆనటం లేదు, కొట్టుకి మనిషి కావాలి" అన్నాడు. బేరం కుదిరింది.

రాయటానికి మాకు ఇంట్లో కంప్యూటరు లేదు. బ్రాడీపేటలో ఒక నెట్ సెంటరుకి వెళ్ళేవాణ్ణి. దాని యజమానిని అందరం కట్ అన్న అని పిలిచేవాళ్ళం, ఆయన కనెక్షన్ ఎప్పుడూ కట్ అవుతూ ఉండేది కాబట్టి. కట్ అయిన సమయానికి కూడా గంట లెక్క కట్టేవాడు. నేను మొదట రాసింది "బేరము: ఒక అద్భుత కళ" అనే వ్యాసం. ఎంత పెద్దదంటే, అది ఎక్కటానికే మూడుసార్లు కనెక్షన్ పోయింది. పేజీ అడుగున ఎంతమంది చూశారో చెప్పే మీటరు ఒకటుండేది. వారం తిరిగేసరికి అందులో నలుగురు. ఒకణ్ణి నేను, ఒకరు కట్ అన్న, ఇంకొకణ్ణి పక్క కంప్యూటరు మీద నుంచి నేనే. నాలుగోవారు ఎవరో ఈనాటికీ తెలియదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆ వారమే కొట్లో ఒకావిడ ఆకుపచ్చ చీర ఒకటి పట్టుకుని, కొందామా వద్దా అని ఊగుతోంది. నాన్న ఆవిడ వైపు చూడకుండానే, మడతలు పెట్టుకుంటూ, "ఈ రంగులో రెండే మిగిలాయమ్మా" అన్నాడు. అంతే, ఆవిడ ఊగటం ఆగింది. చీర కట్టించుకుని వెళ్ళిపోయింది. (లోపల అటకమీద అదే రంగువి ఎన్నున్నాయో నాకు తెలుసు, అది వేరే సంగతి.) ఆవిడ వెళ్ళాక నేను ఆలోచనలో పడ్డాను. "చాలా ఉన్నాయమ్మా" అంటే ఆవిడ రేపొస్తానని లేచేది. "కొన్నే ఉన్నాయమ్మా" అంటే నమ్మేది కాదు. రెండు అన్నాడు, చెయ్యి చాపింది. మరి అంకెకి అంత బలం ఉన్నప్పుడు నా వ్యాసం నెత్తిన కూడా ఒకటి పెడితే ఏం పోయింది?

అక్కడ పట్టుకుంది నాకు పిచ్చి. మిరపకాయల బస్తాలోంచి రెండు కాయలు తీసి గిల్లి చూసినట్టు ఒక్కొక్క అంకెనీ గిల్లి చూశాను. "గుంటూరులో తినవలసిన అయిదు టిఫిన్లు" అని పెడితే పదిమంది వచ్చారు. అయిదంటే జనానికి ఆనినట్టు లేదు. "ఇరవై రెండు చిట్కాలు" అని పెడితే తలుపు దగ్గరికొచ్చి, లోపల మెట్లు ఎక్కువున్నాయని వెనక్కి పోయినట్టు పోయారు. తొమ్మిది పెట్టి చూశాను. ఒకాయన కింద వ్యాఖ్య రాశాడు: "పదోది ఎందుకు దాచారు?" నేను దాచలేదు మహానుభావా, నాకు తెలిసినవే అన్ని అని రాయబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆయన అడిగింది అచ్చం మా కొట్టు ముందు అడిగే ప్రశ్నే. ఎంత కొలిచినా మనిషి కళ్ళు కొలత మీద ఉండవు, తర్వాత వెయ్యబోయే దానిమీద ఉంటాయి. కూరగాయలమ్మి కొత్తిమీర వెయ్యకపోతే మా అమ్మ తక్కెడ వదలదు. అలా పుట్టింది నా పద్ధతి: పది చెప్పాలి, పైన కొసరు ఒకటి వెయ్యాలి. లోకంలో అంకెలు వేసి రాసేవాళ్ళు అప్పటికే బోలెడుమంది ఉండి ఉంటారు, కాని కొసరు వేసినవాణ్ణి నేనే అయ్యుంటానని నా నమ్మకం.

మరి ఏ సరుకు మీద పది చెప్పాలి? నాకు తెలిసిన సరుకు ఒక్కటే. "చీరల కొట్లో బేరం గెలవటానికి పది సూత్రాలు, పైన కొసరు." కూర్చుని నాన్న మాటలన్నీ తల్చుకుంటూ రాశాను. మా తాత కాలంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనేవాళ్ళట. నేనూ మొదటిదాని ముందు అంకె వెయ్యకుండా "లాభం" అని వేశాను, తర్వాత రెండు, మూడు. ఏడు దాకా నల్లేరు మీద బండిలా నడిచింది. ఏడు దగ్గర నాన్న విద్య అయిపోయింది. ఇంకా మూడు కావాలి. కట్ అన్న గోడ గడియారం చూస్తున్నాడు. మిగతా మూడూ అప్పటికప్పుడు పుట్టించాను. అందులో ఎనిమిదోది నాకు బాగా గుర్తు: "చీర అంచు నలిపి వాసన చూడండి. అసలు నూలైతే బియ్యం కడిగిన నీళ్ళ వాసన వస్తుంది." అటువంటి వాసన నేనెన్నడూ చూడలేదు, ఎవరూ చూసి ఉండరు. కాని రాశాక చదువుకుంటే నాకే నిజమనిపించింది. ఇక కొసరుకి ఏమీ మిగల్లేదు. అప్పుడు నాన్న రోజూ పొద్దున్నే చేసే పని గుర్తొచ్చింది. బోణీ. మొదటి బేరాన్ని ఆయన చచ్చినా వదులుకోడు. మొదట గుమ్మం తొక్కినవాళ్ళు ఒట్టి చేతులతో పోతే ఆ రోజంతా గల్లాపెట్టె మూతపడినట్టే ఆయనకి. అదే కొసరుగా వేసేశాను.

ఆ జాబితా పేలింది. మీటరు తిరగటం చూస్తుంటే ఆటో మీటరు చూసినట్టు నాకే భయమేసింది. హైదరాబాదు సారు స్వయంగా ఫోను చేసి, "ఏం పెట్టారండీ బాబూ, కొసరు కోసమే వస్తున్నారు జనం. ఉగాది వెళ్ళగానే వచ్చెయ్యండి, కుర్చీ తుడిపిస్తున్నాను" అన్నాడు. నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. ఆ ఊపులో ఉండగా కట్ అన్న చేసిన పనిని నేను పట్టించుకోలేదు. ఆయన దాన్ని కాగితం మీదికి దింపి, జిరాక్సులు తీసి, కాపీ రూపాయికి అమ్మటం మొదలుపెట్టాడు. ముందువైపు పది సూత్రాలు, వెనకవైపు కొసరు. ఆ వీధినిండా కోచింగ్ సెంటర్లు, ఆడపిల్లల హాస్టళ్ళు. సెలవులకి ఇళ్ళకి వెళ్ళే పిల్లలు స్వీటు పొట్లంతోపాటు అదొకటి పట్టుకెళ్ళేవాళ్ళు. "నా పేరు కింద వేశావా అన్నా?" అని అడిగాను. "పేరేస్తే సిరా ఎక్కువవుద్ది తమ్ముడూ" అన్నాడు. ఆ మాటే తర్వాత నన్ను కొంతకాలం కాపాడింది.

కొట్లో వింతలు మొదలయ్యాయి. చీర విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకునేవాళ్ళు వచ్చారు. నచ్చిన చీర మీదనుంచి చూపు తిప్పేసి, పక్క చీరని పట్టుకుని ధర అడిగేవాళ్ళు వచ్చారు. (అది రెండోది.) తెప్పించిన సోడా తాగేసి, మొహమాటం లేకుండా మూతి తుడుచుకుని, సగం ధరకి అడిగేవాళ్ళు వచ్చారు. (అది ఆరోది: "సోడా ఇస్తే తాగండి. దాని ఖరీదు చీరలోనే ఉంది.") తలుపు తీసేసరికి ఒకరిద్దరు పిల్లలు గుమ్మంలో నిలబడి, రవికగుడ్డ ఒకటి పట్టుకుని, నోటికొచ్చిన ధర చెప్పి, నాన్న ముఖంలోకి చూస్తూ నిలబడేవాళ్ళు. నాన్న ఇచ్చేసేవాడు. "ఈ మధ్య బోణీలన్నీ నేల చూపులే చూస్తున్నాయి రా" అని నాతో అన్నాడొకరోజు. నేను సంచీలు సర్దుకుంటూ కూర్చున్నాను. రవికగుడ్డలే కదా, ఉగాది దాకానే కదా అనుకున్నాను.

ఉగాది ఇంకో వారంలోకి వచ్చింది. మిరపకాయల డబ్బు రైతుల చేతికొచ్చి, పెళ్ళిళ్ళ బేరాలు ఊపందుకున్న రోజులు. ఒకరోజు నాన్న తలుపు తీసి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి తిరిగేసరికి గుమ్మంలో పెళ్ళివారు. సత్తెనపల్లి అవతల పల్లె నుంచి మొదటి బస్సుకే వచ్చారు. ముందు ఒక ముసలావిడ, వెనక కోడళ్ళు, కూతుళ్ళు, పెళ్ళికూతురు, పెళ్ళికూతురి చెల్లెలు. ఆ ఇంటివాళ్ళంతా ఆవిణ్ణి నాయనమ్మా అంటుంటే మేమూ అదే అన్నాం. నాన్న ముఖం వెలిగిపోయింది. పెళ్ళి బేరం బోణీగా రావటమంటే మాటలు కాదు. "రండి నాయనమ్మా, కూర్చోండి, అమ్మాయిలూ కూర్చోండమ్మా. ఒరేయ్, సోడాలు చెప్పు."

నాయనమ్మ పరుపు మీద స్థిరంగా కూర్చుని, మోకాళ్ళు సర్దుకుని, "మీరు చీరలు చూసుకోండే, బేరం నేనాడతా" అని కోడళ్ళకి చెప్పి, చేతిసంచిలోంచి మడతలు పెట్టిన కాగితం తీసింది. దూరం నుంచే గుర్తుపట్టాను. కట్ అన్న జిరాక్సు మిషనుకి ఎడమవైపు ఒక నల్లటి చార పడేది, ఆ చార ఉంది.

"మా చిన్న మనవరాలు ఈ ఊళ్ళో హాస్టల్లో చదువుద్ది. అదిచ్చింది. కళ్ళజోడు ఇంటికాడ మర్చిపోయి వచ్చా. ఇదిగో అబ్బాయ్, చదువుకున్నోడిలాగున్నావు, ఒక్కోటి చదివిపెట్టు."

"మీ మనవరాల్ని చదవమనండి నాయనమ్మా" అన్నాను.

"వాళ్ళక్క పెళ్ళి. అది చీరలు చూస్తదా, కాగితం చూస్తదా? నీకేం, చేతులూపుకుంటా కూర్చున్నావు. చదువు."

నాన్న వైపు చూశాను. "పెద్దావిడ అడిగింది, చదవరా" అన్నాడు నాన్న, మొదటి చీర చేతిలోకి తీసుకుంటూ.

నేను గొంతు సవరించుకున్నాను. "లాభం. మొదట చూపించిన చీర కొనకండి. అది అమ్మటానికి తీసింది కాదు, రెండోదాన్ని చవగ్గా కనబరచటానికి తీసింది."

"లాభం అన్నాడు చూశావా" అంది నాయనమ్మ సంతోషంగా. "వీడెవడో కొలతలు ఎరిగినోడే." నాన్న చేతిలో చీర సగం విప్పి ఆగింది. దాన్ని నెమ్మదిగా మడిచి పక్కన పెట్టి, "అయితే రెండోదే చూడండి నాయనమ్మా" అన్నాడు. అన్నాడుగాని, చూపు మాత్రం నామీద పడి, కాగితం మీద పడి, మళ్ళీ నామీదికొచ్చింది.

నాలుగోదానికి వచ్చేసరికి నాన్న నోట్లో "మీకు కాబట్టి..." అనే మాట సగం దాకా వచ్చింది. నేను చదివాను: "మీకు కాబట్టి ఈ ధర అంటే, అందరికీ అదే ధర అని అర్థం." నాన్న నోరు మూసుకున్నాడు. నాయనమ్మ కోడళ్ళు పమిటలు అడ్డంపెట్టుకుని నవ్వారు. కాని ఒక్కమాట చెప్పాలి, నాన్న తొణకలేదు. ఒక్కొక్క సూత్రం చదువుతుంటే, గోడకి కొట్టిన బంతి పట్టుకున్నట్టు ఒక్కొక్కదాన్నీ పట్టుకుని తిప్పి వేసేవాడు. ఆయన మాటలేగా అవన్నీ, ఆయనకి కొత్తేముంది? ఎనిమిదోది చదివాక మాత్రం పెళ్ళివారంతా ఒకేసారి చీరల అంచులు నలిపి వాసన చూశారు. నాన్న కూడా ఒకటి తీసి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చి చూశాడు. "ఇన్నేళ్ళు అమ్మాను, ఈ వాసన సంగతి నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. "నీకు చెబితే నువ్వు మాకు చెబుతావా షావుకారూ?" అంది నాయనమ్మ. కాసేపు తర్వాత పెళ్ళికూతురు తలంబ్రాల చీర దగ్గర ముక్కు పెట్టి, "వస్తంది నాయనమ్మా, బియ్యం కడుగు వాసనే" అంది. ఆ పిల్ల మీద ఒట్టు, నేనూ ఒక చీర అంచు నలిపి వాసన చూశాను.

పదీ అయ్యాయి. పెళ్ళికూతురి చీరలు, పెట్టుబడి చీరలు, మగవాళ్ళ పంచెల చాపులు, అన్నిటికీ కలిపి ధర తెగింది. నాన్నకి బాగానే మిగిలే ధర. నాయనమ్మ రుమాల్లో కట్టిన నోట్లు విప్పి నా చేతికిచ్చింది. మిరప యార్డు నుంచి వచ్చిన నోట్లు. వాటిలో కాయ ఘాటు ఎంత ఉంటుందో మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండు నోట్లు తిప్పానో లేదో, ముక్కు ఆగలేదు. గట్టిగా తుమ్మాను.

అందరూ ఆగిపోయారు. పెళ్ళి డబ్బు చేతులు మారేటప్పుడు తుమ్మితే ఇంకేముంది, నాయనమ్మ నోట్లు మళ్ళీ రుమాల్లోకి లాక్కుని, "కూర్చోండి కూర్చోండి, కాసేపాగి ఇద్దాం" అంది. ఎవరికివారు మంచినీళ్ళు తాగారు. చేసేది లేక నాయనమ్మ ఆ కాగితంతో విసురుకోవటం మొదలుపెట్టింది. విసురుకుంటూ, "వెనక కూడా అక్షరాలున్నాయే. ఇదేందబ్బాయ్?"

"అదేం లేదు నాయనమ్మా. కొసరు."

"కొసరు వదులుకుని పొమ్మంటావా? బాగుందే. చదువు."

కాగితం నా చేతికొచ్చింది. చదవకపోతే ఆవిడకి తెలిసే దారి లేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు, కల్పించటం నాకు కొత్త కాదు. హైదరాబాదులో నా కోసం తుడుస్తున్న కుర్చీ ఈ కొసరు పుణ్యమే. ఇప్పుడు ఇక్కడ చదివానంటే పోయేది ఈ పరుపు మీద పరిచిన పెళ్ళి మొత్తం. తలెత్తితే నాన్న నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు. కొత్త రకం బట్ట వచ్చినప్పుడు నేత ఎక్కడిదా అని వేళ్ళ మధ్య పెట్టి చూస్తాడే, అలా.

"చదవరా" అన్నాడు. "బోణీవేళ. కొనేవాళ్ళ కాగితంలో ఉన్నది వాళ్ళకి దాచకూడదు."

చదివాను. "కొసరు. పొద్దున్నే మొదటి బేరం మీదే కావాలి. మొదటి బేరాన్ని షావుకారు ఒట్టి చేతులతో పంపడు. మీకు తోచిన ధర చెప్పి, లేచి గుమ్మం వైపు నడవండి. గుమ్మం దాటనివ్వడు."

నాయనమ్మ గుమ్మం వైపు చూసింది, తర్వాత తన మోకాళ్ళ వైపు చూసుకుంది. "నాకా కాళ్ళనొప్పులు. అందాకా పోయి మళ్ళా రావటం నావల్ల కాదు. నడిచాననుకో షావుకారూ."

నాన్న నవ్వాడు. అంత నష్టానికి ముందు అలా నవ్విన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. "నడిచారనే అనుకున్నా నాయనమ్మా. ఎంతిస్తారో చెప్పండి."

ఆవిడ చెప్పింది. నాన్న ఇచ్చాడు. మూటలన్నీ కట్టించుకుని లేచేటప్పుడు నాయనమ్మ ఆ కాగితం నా జేబులో పెట్టింది. "ఉంచుకో అబ్బాయ్, అమాయకుడిలాగున్నావు, కొట్లల్లో మోసపోతావు. ఇది రాసినోడెవడోగాని, తల్లీతండ్రీ బాగా పెంచారు." నాన్న గల్లాపెట్టెలో డబ్బు పెడుతూ, "అవునండీ, పాపం" అన్నాడు.

మధ్యాహ్నం నాన్న క్యారేజీ విప్పాడు. పప్పన్నం కలుపుకుంటూ, "పదే ఎందుకు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏం పది?"

"పది సూత్రాలన్నావుగా. ఎనిమిదైతే రారా?"

తిడతాడనుకుని కూర్చున్నవాణ్ణి, అయిదు దగ్గర ఏమైందో, ఇరవై రెండు దగ్గర ఏమైందో, తొమ్మిది దగ్గర ఎవరేమన్నారో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "ఊ. బేసి అంకె అయితే ఏదో మిగిలినట్టుంటది. నిజమే" అన్నాడు. "మరి ఆ వాసన ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఏడే ఉన్నాయి. పది చెయ్యాలిగా."

అక్కడ ముద్ద ఆగింది. "అంటే కొలత చాలకపోతే ఊక కలిపావా?" ఆ రోజు మొత్తంలో ఆయన గొంతు లేచింది ఆ ఒక్కచోటే. "నా మాటలు అమ్ముకున్నావు, సరే. అవి పోతే ఇంకో పది పుడతాయి, నోరుంది. కాని ఏడుంటే ఏడే అనాలి రా. మన కొట్లో గజం తక్కువ కొలిచిందెప్పుడైనా చూశావా?" పెరుగు పోసుకుంటూ మామూలు గొంతుతో అన్నాడు. "ఆ కొసరు కూడా వాటిల్లో చేర్చాల్సింది కాదు. మిగతావి నా ఎత్తులు. బోణీ ఎత్తు కాదు. అది మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన మొక్కు." తీసెయ్యమని మాత్రం అనలేదు. అంటే ఎంత బాగుండేదో. వాదించేవాణ్ణి.

సాయంత్రం ఎస్టీడీ బూతులోంచి హైదరాబాదు సారుకి ఫోను చేశాను. కొసరు తీసేస్తానన్నాను. "అయ్యయ్యో, దానికోసమే కదండీ వస్తున్నారు. మీరు తియ్యటం కాదు, అలాంటివే ఇంకో పది కావాలి. కొట్టువాళ్ళు పైకి చెప్పుకోని నమ్మకాలు, పది, పైన కొసరు" అన్నాడాయన. నేను బేరానికి దిగాను. బస్సుల మీద పది ఇస్తానన్నాను, పచ్చళ్ళ మీద పది ఇస్తానన్నాను, కోచింగ్ సెంటర్ల మీద పదిహేనిచ్చి రెండు కొసర్లు వేస్తానన్నాను. ఆయన దిగలేదు. చివరికి మా పద్ధతిలో, "సరేనండీ, ఉంటాను మరి" అని ఫోను పెట్టేస్తున్నట్టు ఆగాను. ఆయన వెనక్కి పిలవలేదు. పాపం ఆయన పరుపు మీద పెరిగినవాడు కాదు. నెట్ సెంటరుకి వెళ్ళి కొసరు తీసేశాను, ఎనిమిది, తొమ్మిది, పది కూడా తీసేసి పైన "ఏడు సూత్రాలు" అని దిద్దాను. మర్నాటి నుంచీ మీటరు ముసలి గడియారంలా తిరిగింది. ఒకరిద్దరు "కొసరేదీ?" అని రాశారు. ఉగాది పచ్చడి తిన్న మర్నాడు గల్లాపెట్టె పక్కన మఠం వేసుకుని కూర్చున్నాను.

నేను తీసేశానుగాని, పల్లెలకి వెళ్ళిపోయిన జిరాక్సుల్ని ఎవరు తీసేస్తారు? తెల్లారేసరికి గుమ్మంలో జనం. నాన్న ఒక ఉపాయం ఆలోచించాడు. ఇంట్లోంచి అమ్మే వచ్చి మొదటి బేరంగా రవికగుడ్డ కొనాలి, అక్కడితో బోణీ అయిపోతుంది. అమ్మ వచ్చింది. అయితే ఆ కాగితం అమ్మ కూడా చదివి ఉందన్న సంగతి మాకు తెలియదు. మొదటిది తోసేసింది, రెండోది పక్కకి పెట్టింది, అంచు నలిపి వాసన చూసింది, సోడా తాగింది, రూపాయి ధర చెప్పి లేచి గుమ్మం వైపు నడిచింది. "ఇంటి మనిషివి, నువ్వు కూడానా?" అన్నాడు నాన్న. "కొట్టు గుమ్మంలో ఇల్లేంటండీ" అంది అమ్మ, నడక ఆపకుండా. నాన్న పిలిచాడు. పిలవక చస్తాడా. ఆ ఏడాది మా అమ్మ దగ్గరున్నన్ని రవికలు గుంటూరు జిల్లాలో ఇంకెవరి దగ్గరా ఉండి ఉండవు.

ఇన్నేళ్ళకి, కొట్లో జనం పలచబడిన మధ్యాహ్నాల్లో, ఆ వ్యవహారానికి బిల్లు వేసి చూసుకుంటూ ఉంటాను. ఖర్చు వైపు: కట్ అన్నకి కట్టిన గంటలు, కట్ అయినవాటితో సహా. ఒక పెళ్ళి బట్టల మీద మిగలవలసిందంతా. అమ్మ రవికలు. హైదరాబాదులో ఒక కుర్చీ. (ఆ సైటు రెండేళ్ళకి మూతపడింది కాబట్టి అది ఎలాగూ విరిగేదేనని నాకు నేను చెప్పుకుంటాను. అలా చెప్పుకుని ఖర్చు తగ్గించటం సరైన లెక్క కాదు, అప్పటికి అది మంచి కుర్చీయే.) ఇక రాబడి వైపు. నాయనమ్మ ఊరివాళ్ళు ఇప్పటికీ పెళ్ళిళ్ళకి మా కొట్టుకే వస్తారు, మొదటి బస్సుకే వస్తారు, కాబట్టి అది రాబడిలో వెయ్యాలో ఖర్చులో వెయ్యాలో తేలదు. మిగిలింది ఒక్కటే. నేను రాసినవాటిలో నాన్న పూర్తిగా విన్నది అదొక్కటే. మొదటి నుంచి కొసరు దాకా, మధ్యలో లేవకుండా, నా నోటితోనే విన్నాడు. దాన్ని ఎంతకి కట్టాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేసి మిగతావి కూడతాను. నష్టమే వస్తుంది. రెండోసారి కూడినా నష్టమే.